జింక కోసం మడి చల్లే ముందు

తుని నుంచి కోటనందూరు, రౌతులపూడి వైపు వెళ్లేకొద్దీ నేల మెరకెక్కుతుంది. జీడిమామిడి, మామిడి, సరుగుడు తోటలు దాటాక తూర్పు కనుమల పాదాలు మొదలవుతాయి. ఆ అంచున నాలుగైదు సెంట్ల నేల ఖాళీగా పడి ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు రాదగిన ఆలోచన ఇది: ఇందులో పొద్దుతిరుగుడు చల్లి వదిలేస్తే కొండ దిగి జింకలొచ్చి తింటాయి కదా! అమెరికాలో ఇలా జింకల కోసం మడులు వేసేవాళ్లు బోలెడుమంది. అందుకోసమే ప్రత్యేకంగా విత్తనాల పొట్లాలు అమ్మే కంపెనీలు కూడా ఉన్నాయి. ఆ కోరికను తప్పుపట్టాల్సిన పని లేదు. కాకపోతే పెట్టాలనిపించింది కాబట్టి పెట్టేయడం ఒక పద్ధతి, తిన్న ప్రాణికి ఆ తర్వాత ఏమవుతుందో ముందే లెక్కవేసుకుని పెట్టడం మరో పద్ధతి. రెండో పద్ధతిలో ఆలోచిస్తే, తుని మెట్టలో జింక కోసం పొద్దుతిరుగుడు వేయకపోవడమే మేలని తేలుతుంది. అదే పంటను అదే ఊళ్లో పిట్టల కోసం, తేనెటీగల కోసం నిక్షేపంగా వేయవచ్చని కూడా తేలుతుంది. ఈ రెండు మాటలూ ఒకే లెక్కలోంచి ఎలా వస్తాయో చూద్దాం.

పొద్దుతిరుగుడు పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడి ఆదివాసులు వేల ఏళ్ల కిందటే దాన్ని పంటగా మలుచుకున్నారు. తెల్లతోక జింకదీ అదే నేల. అయితే అక్కడ జింక మడి వేసేవాళ్లలో వేటగాళ్లే ఎక్కువ. ఏటా నిర్ణీత కాలంలో లైసెన్సు తీసుకుని జింకను కాల్చడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. మడి వల్ల జింకకు ఒంట్లో పుష్టి చేకూరుతుంది, తుపాకీ అందే దూరానికి అది నడిచి వస్తుంది కూడా. మేత వల్ల మంద పెరిగితే వేటలో కొంత తగ్గుతుంది. అంటే ఆ మడి ఒక పెద్ద ఏర్పాటులో ఒక ముక్క. మనం ఆ ముక్కను మాత్రమే విడదీసి తెచ్చుకుంటే మిగతా ఏర్పాటు దానితో పాటు రాదు. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించడంతో ఆగలేదు, వేట అంటే ఏమిటో చెప్పేచోట ఎర వేయడాన్ని కూడా చేర్చింది. మీ మనసులో వేట ఆలోచన లేకపోవచ్చు. కానీ ఉచ్చు పన్నేవాడికి జింక ఏ దారిన, ఏ వేళకు, ఎక్కడికి వస్తుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. రోజూ రాత్రి జింకలు దిగే మడి ఆ సమాచారం అతనికి ఊరికే ఇచ్చేస్తుంది.

ఐదు సెంట్ల మడే కదా, దానివల్ల ఏం కొంప మునుగుతుందని అడగవచ్చు. నిజానికి మడి చిన్నదయ్యేకొద్దీ చిక్కు పెరుగుతుంది. మనం సాగుచేసే పొద్దుతిరుగుడు ఒంటికాడ మొక్క. పువ్వంతా కొనలో ఉండే ఒక్క మొగ్గ మీదే ఆధారపడి ఉంటుంది. నాలుగైదు ఆకుల దశలో ఆ కొన కొరికేస్తే మొక్క బతికినా చెప్పుకోదగ్గ పువ్వు వేయదు. జింకకు ఇష్టమైనది సరిగ్గా ఆ లేత దశే. ఎకరాల కొద్దీ వేస్తే తిన్నవి తినగా కొన్ని మొక్కలు మిగిలి పువ్వుదాకా వస్తాయి. ఐదు సెంట్లయితే ఒక చిన్న మంద రెండు మూడు రాత్రుల్లో ఊడ్చేస్తుంది. అమెరికాలో చిన్న మడుల వాళ్లు మొక్క ఎదిగేదాకా కరెంటు కంచె కట్టుకోవాల్సి వచ్చేది ఇందుకే. జింక కోసం మడి వేసి, జింక రాకుండా కంచె వేయడం ఎంత వింతగా ఉన్నా, ఆ పంట తీరు అంతే. ఇక్కడ ఆ కంచె మాట ఎత్తడమే ప్రమాదం. అడవి పందుల కోసం పొలం చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ లాగడం, దానికి పందులతో పాటు జింకలు, పశువులు, చివరికి మనుషులు కూడా బలవడం ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ పత్రికలకు కొత్త వార్త కాదు.

సరే, మొక్క ఎలాగో ఎదిగింది, గింజ కట్టింది అనుకుందాం. ఆ గింజ జింకకు మంచి తిండేనా? దుప్పి, కణితి, కొండగొర్రె, కృష్ణజింక అన్నీ నెమరువేసే జీవాలే. వాటి పొట్టలో పీచును విడగొట్టే సూక్ష్మజీవుల గుంపు ఒకటి ఉంటుంది. అది అలవాటైన మేతకు తగ్గట్టు నెమ్మదిగా అమరుతుంది. దుప్పికీ కృష్ణజింకకూ ప్రధానమైన మేత గడ్డి. కణితి గడ్డితో పాటు ఆకులు, రెమ్మలు, రాలిన కాయలు తింటుంది. నూనె రకాల పొద్దుతిరుగుడు గింజలో బరువులో మూడో వంతుకు పైగా నూనే. నెమరు పశువుల మొత్తం మేతలో కొవ్వు ఆరేడు శాతం దాటితే పీచు అరగడం మందగిస్తుందని పశుపోషణ చదువుకున్నవాళ్లందరికీ తెలిసిన విషయం. అప్పుడప్పుడు నాలుగు గింజలు తిన్నంతమాత్రాన దుప్పి చచ్చిపోదు, అంతదాకా బెదిరించనక్కర్లేదు. కానీ 'జింకలకు పుష్టి' అనే పేరుతో మనం ఇస్తున్నది వాటి పొట్ట అడగని తిండి అని ఒప్పుకోవాలి. అదీగాక మందలన్నీ ఒకే మడిలో మూతులు పెట్టడం వల్ల రోగాలు పాకే దారి దగ్గరవుతుంది. పగలు పశువులు మేసిన చోటే రాత్రి దుప్పులు మేస్తే గాలికుంటు లాంటివి అటూ ఇటూ దాటవచ్చు. ఉత్తర అమెరికాలో జింకల మెదడును తినేసే ఒక క్షీణత రోగం బయటపడ్డాక, జింకలను ఒకచోట పోగుచేసే మేతలను, ఎరలను అక్కడి చాలా రాష్ట్రాలు నిషేధించాయి. వేటకు అనుమతి ఉన్న దేశమే ఆ పద్ధతి మీద ఇంత అనుమానంగా ఉందన్నది గుర్తుంచుకోదగిన సంగతి.

ఇవన్నీ కాస్త దూరపు మాటలనిపిస్తే తుని దగ్గరి మాటే చూద్దాం. 2022 మే, జూన్ నెలల్లో కాకినాడ జిల్లాలో ప్రత్తిపాడు, శంఖవరం, రౌతులపూడి మండలాల ఊళ్ల మధ్య ఒక పులి తిరిగింది. పశువులను చంపింది. అటవీ శాఖ బోన్లు పెట్టింది, కెమెరాలు కట్టింది. అది వాటికి చిక్కకుండా అనకాపల్లి జిల్లా వైపు వెళ్లిపోయింది. ఆ పులి రావడానికి ఎవరి మడీ కారణం కాదు. పులి ఒక అడవి నుంచి మరో అడవికి వెళ్లేటప్పుడు దాని దారిలో మన ఊళ్లున్నాయి, అంతే. కానీ జింకల గుంపు ఊరి అంచున మేయడం అలవాటు చేసుకుంటే వాటిని తినే జంతువు కూడా అక్కడికే వస్తుంది. అది చిరుతో పులో కానక్కర్లేదు. అన్నిటికంటే ముందు వచ్చేవి ఊరకుక్కలు. ఊరి దరికి చేరిన జింకను కుక్కలు తరిమి చంపడం అడవి అంచు ఊళ్లన్నిటికీ తెలిసిన కథే. కుక్కలను తప్పించుకుని ఇంకాస్త కిందికి పరుగెత్తితే జాతీయ రహదారి, దాని పక్కనే మద్రాసు–హౌరా రైలుమార్గం. కొండ మీద ఉన్నంతసేపూ లేని నాలుగు ఆపదలను ఒక్క మడి దాని దారిలో పెడుతుంది.

దయతో చేసిన పని ఎంత తిరగబడగలదో చెప్పడానికి రోళ్లపాడును మించిన ఉదాహరణ మన రాష్ట్రంలో లేదు. నంద్యాల జిల్లాలో ఉన్న ఆ గడ్డిభూమిని 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యంగా ప్రకటించారు. కాపాడిన గడ్డిలో కృష్ణజింకలు బాగా పెరిగాయి. అవి చుట్టుపక్కల పొలాల్లో పడి మేశాయి. రైతులకు కోపం వచ్చింది, ఆ కోపం జింక దగ్గర ఆగలేదు, అభయారణ్యం మీదికీ దాని పిట్ట మీదికీ పాకింది. సాగునీరు, మారిన పంటలు లాంటి వేరే కారణాలు కూడా కలిసి చివరికి బట్టమేక పిట్ట అక్కడ కనబడకుండాపోయే స్థితి వచ్చింది. అక్కడ జింకలను ఎవరూ పిలిచి పొలం పెట్టలేదు, ఉత్త గడ్డి కాపాడారు. అయినా ఇరుగుపొరుగు రైతుల నష్టాన్ని మొదటినుంచీ లెక్కలో వేసుకోకపోతే ఫలితం అలా ఉంది. మీ ఐదు సెంట్లు తినేసిన మంద ఆరో సెంటు దగ్గర ఆగదు. ఆ ఆరో సెంటు పక్క రైతుది. అతని వేరుశనగో, కూరగాయల పాదులో, జొన్నో పోతే అతను తిట్టేది మిమ్మల్ని, తరిమేది జింకను. పంట పోయినవాడికి జింక మీద ప్రేమ ఉండాలని కోరడం అన్యాయం కూడా.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ బలమైనదే. గోదావరి జిల్లాల్లో కోతలప్పుడు వరికంకులతో కుచ్చులు అల్లి గుళ్లోనో, ఇంటి వసారాలోనో పిచ్చుకల కోసం వేలాడదీయడం తరతరాలుగా ఉంది కదా, అది జీవాలకు తిండి పెట్టడం కాదా? అవును, అదీ తిండి పెట్టడమే. కానీ ఆ కుచ్చును కాస్త పరిశీలనగా చూడండి. పిచ్చుక ఎలాగూ మన చూరులోనే ఉంటుంది, దాన్ని ఎక్కడినుంచో రప్పించడం లేదు. కుచ్చులో ఉన్నది అది రోజూ తినే గింజే. పరిమాణం కొంచెమే, అయిపోతే అయిపోయింది, అది పొలం మీదికి పోయి వెతుక్కుంటుంది. కుక్క అందుకోలేని ఎత్తులో ఉంది. పక్కవాడికి నష్టం లేదు. జింక మడి వీటిలో ఏ ఒక్క పరీక్షకూ నిలబడదు. మన పెద్దవాళ్లు ఈ పరీక్షలన్నీ కాగితం మీద రాసుకుని కుచ్చులు కట్టారని నేను అనను. అనుభవం మీద నిలిచిన పద్ధతి కాబట్టి ఇన్నాళ్లు నిలిచింది.

రెండో ఆక్షేపణ వేసవి గురించి. ఏప్రిల్, మే నెలల్లో కొండల మీద గడ్డి ఎండిపోతుంది, చెలమలు ఇంకిపోతాయి, అప్పుడు జీవాలు ఆకలితో ఉంటే చూస్తూ ఊరుకోవాలా? ఊరుకోనక్కర్లేదు. అయితే చేసే పని కొండ మీద జరగాలి, జింకను కిందికి దింపకూడదు. కవ్వాల్, అమ్రాబాద్ లాంటి పులుల అభయారణ్యాల్లో అటవీ శాఖ అడవి లోపలే గడ్డి మైదానాలు పెంచుతుంది, వేసవిలో నీటి తొట్లు నింపుతుంది. ఇది వాళ్ల అనుమతితో, వాళ్ల చేతుల మీదుగా జరగాల్సిన పని. మన చేతిలో ఉన్నవి వేరే. వేసవిలో కొండకు నిప్పు పెట్టకుండా, పెట్టనివ్వకుండా చూసుకోవడం వాటిలో మొదటిది. ఒక్క నిప్పు తినేసే గడ్డికి మీ మడి వందో వంతు కూడా సాటి రాదు. గట్ల మీద ఉచ్చు తీగలు కనిపిస్తే అటవీ శాఖకు చెప్పడం, ఊరకుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించమని పంచాయతీ వెంటపడటం, పశువులను కొండంతా విచ్చలవిడిగా తోలకపోవడం... వీటిలో ఫొటో తీసుకోదగ్గది ఒక్కటీ లేదని ఒప్పుకుంటాను. పసుపుపచ్చ పువ్వుల మధ్య దుప్పి నిలబడ్డ దృశ్యం ముందు ఇవి వెలవెలబోతాయి. ఆ దృశ్యం ఎవరికి కావాలన్నది మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న.

ఇప్పుడు పొద్దుతిరుగుడు దగ్గరికి వద్దాం. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కృష్ణజింకను రాష్ట్ర జంతువుగా, రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. ఈ పంట రైతుకు రెండోది మొదటి నంబరు శత్రువు. చిలకలు పువ్వు మీద తలకిందులుగా వాలి, గింజ ఒలిచి పప్పు తిని పొట్టు పారేస్తాయి. పంట కోసం వేసిన పొలంలో నష్టమనిపించే ఆ పనే పిట్టల మడిలో మనం కోరుకునేది. కుచ్చుకు పెట్టిన పరీక్షలు దీనికీ పెట్టి చూడండి. చిలకలు, గువ్వలు, పిచ్చుకలు, ఉడతలు ఊళ్లో, తోటల్లో ఉండేవే. గింజ వాటి పొట్టకు సరిపడేదే. మడి ఇంటి దరిని, అడవికి దూరంగా ఉంటే జింక దిగదు. పక్కవాడి నష్టం మాటేమిటి? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. రాష్ట్రంలో పొద్దుతిరుగుడు ఎక్కువగా సాగయ్యేది కర్నూలు, అనంతపురం, ప్రకాశం వైపు. తుని చుట్టూ పెద్దగా లేదు కాబట్టి ఆ పంట రైతుకు పోటీ తేవడం ఉండదు. కానీ చిలకలకు మొక్కజొన్న, జామ కూడా ప్రాణమే. మీ పక్క చేను మొక్కజొన్నో, జామతోటో అయితే ఈ మడి వేయకండి. మీ పొద్దుతిరుగుడు వల్ల చిలకలు అటు వెళ్లకుండా ఇక్కడే ఆగుతాయన్న వాదన వినడానికి బాగుంటుంది. గింజ అయిపోయిన మర్నాడు అవి ఎటు వెళ్తాయన్నది ఆ వాదన చెప్పదు.

కాలం ఎంచుకోవడమే ఈ మడిలో అసలు కిటుకు. తుని మెట్టలో మామిడి, జీడిమామిడి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పూతలో ఉంటాయి. మామిడికి తేనెమంచు పురుగు, జీడిమామిడికి టీ దోమ వస్తాయని తోటలవాళ్లు ఆ రోజుల్లోనే మందులు కొడతారు. నవంబరులో విత్తిన పొద్దుతిరుగుడు దాదాపు రెండు నెలలకు, అంటే సరిగ్గా ఆ మందుల మధ్య పూస్తుంది. తేనెటీగల కోసం వేసిన పువ్వు వాటిని మందు కొట్టిన తోటల మధ్యకు పిలిచినట్టవుతుంది. ఇక్కడా పాత లెక్కే, పిలిచిన చోట ఆపద ఉందా లేదా అని. జూన్‌లో వేస్తే పూత వానల్లో పడి పుప్పొడి తడిసిపోతుంది, గింజ సరిగా పట్టదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వేస్తే ఎదిగిన మొక్క తుపాను గాలికి పడిపోయే ప్రమాదం. జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల మధ్య విత్తితే పూత మార్చి ఆఖరుకు, ఏప్రిల్‌కు వస్తుంది. అప్పటికి తోటల్లో మందుల జోరు తగ్గుతుంది. గింజ ఏప్రిల్ ఆఖరు, మే నాటికి పిట్టలకు అందుతుంది. మెట్టలో చేలు బోసిపోయి ఉండే రోజులవి. ఒక్క షరతు, నీరు ఉండాలి. మొగ్గ తొడిగేటప్పుడు, పూసేటప్పుడు, గింజ నిండేటప్పుడు తడి తప్పితే పువ్వు నిండా తాలు గింజలే.

ఐదు సెంట్లకు 125 గ్రాముల విత్తనం చాలు, ఎకరాకు రెండున్నర కిలోల లెక్కన. కొట్లో దొరికే సంకర విత్తనానికి సాధారణంగా పురుగుమందు పట్టించి, తెలిసేలా రంగు వేసి ఉంటుంది. పిట్టల మడికి అది పనికిరాదు, మొలక దశలో నేల తవ్వి గింజ తినే పక్షి ఆ మందు కూడా తింటుంది. మందు పట్టించని విత్తనమే అడిగి తీసుకోండి. మోర్డెన్ లాంటి పొట్టి రకం దొరికితే మేలు, గాలికి నిలుస్తుంది, మూడు నెలల్లోపే కోతకొస్తుంది. సంకరం కాని రకం కావడం వల్ల మన గింజే దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు. మన ఎర్ర, ఇసుక నేలల్లో వరుసకూ వరుసకూ 45 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 30 సెంటీమీటర్లు ఎడమిచ్చి, నాలుగైదు సెంటీమీటర్ల లోతులో విత్తాలి. రెండు వారాలు నిండే లోపు కుదురుకు ఒక్క మొక్కే ఉంచి మిగతావి తీసేయాలి. అప్పుడు సుమారు 1,500 మొక్కలు నిలుస్తాయి. గట్ల మీద వయ్యారిభామ ఉంటే పూతకు రాకముందే పీకేయండి. 1997 నుంచి కర్ణాటక, ఆంధ్ర చేలను దెబ్బతీసిన నెక్రోసిస్ తెగులు వైరస్ దాని మీద బతుకుతుంది, పుప్పొడితో, తామరపురుగులతో పొద్దుతిరుగుడుకు చేరుతుంది. పువ్వు రెక్కలు విచ్చుకునేటప్పుడు లీటరు నీటికి రెండు గ్రాముల బోరాక్స్ కలిపి చల్లితే గింజ బాగా పడుతుంది. అంతకుమించి ఏ పురుగుమందూ ఈ మడిలోకి రాకూడదు. పురుగు పడితే పడనివ్వండి, దాన్ని తినే పిట్ట కూడా మన అతిథే. తేనెటీగలు రానంత బీడు చోటైతే పొద్దున్న తొమ్మిది, పదకొండు గంటల మధ్య మెత్తని గుడ్డతో ఒక పువ్వు మీద తుడిచి ఇంకో పువ్వు మీద తుడవండి. తన పుప్పొడితో తాను సరిగా గింజ కట్టని మొక్క ఇది.

పువ్వు వెనకభాగం నిమ్మపండు రంగుకు తిరిగాక కోయకండి, అలాగే వదిలేయండి. మే నెలలో తలలు ఎండి వాలిపోతాయి. కొన్ని కోసి ఇంటి చూరుకు కట్టుకుంటే పిచ్చుకలకు ఇంకొన్ని వారాలు సరిపోతాయి. విత్తనం కోసం ఐదారు మంచి తలలకు గుడ్డ సంచి తొడిగి ముందే పక్కన పెట్టుకోవాలి, లేకపోతే చిలకలు వాటిని కూడా మిగల్చవు. వల కట్టే పని పెట్టుకోవద్దు. వలలో చిక్కుకునేది ముందు పిట్టే, తర్వాత పాము. వానలు పడగానే కాడలు నేలలో దున్నేసి, వచ్చే ఏడు ఆ చోట ఇంకేదైనా వేయండి. ఒకే చోట ఏటేటా పొద్దుతిరుగుడు వేస్తే తెగుళ్లు నిలిచిపోతాయి. ఇంత దూరం పెట్టుకున్నా ఏదో ఒక రాత్రి దుప్పి దిగి మొక్కల కొనలు కొరికిన ఆనవాలు కనిపిస్తే, ఆ ఏటికి మడిని వదులుకోవాల్సిందే. మిగిలిన మొక్కలు కోసి పశువులకు వేసేసి, చోటు ఖాళీ చేసి, అటవీ శాఖ బీట్ ఆఫీసులో ఒక మాట చెప్పి రండి. మర్నాడు రాత్రి అది వచ్చి చూస్తే అక్కడ తినడానికేమీ ఉండకూడదు.